మేనకోడలి విమానం వచ్చేలోగా

శుక్రవారం, విశాఖపట్నం

కళాశాలలో చరిత్ర చెప్పిన రోజుల్లో శాలిహుండం, బావికొండ, తొట్లకొండల మీదుగా బౌద్ధాన్ని సముద్రం దాటించి, జావా ద్వీపంలోని బోరోబుదూరు మహాస్తూపం దగ్గర పాఠం ముగించడం నాకు అలవాటు. పదవీ విరమణ చేశాక ఆ స్తూపాన్ని ఒక్కసారైనా చూడాలనిపించింది. ఒంటరిగా వెళ్ళడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కూతురు మాత్రం, “నువ్వు సింగపూరు దాకా వచ్చెయ్యి అత్తా, అక్కడి నుంచి ఇద్దరం కలిసి వెళ్దాం” అని ఫోనులోనే తేల్చేసింది. నేను శనివారం తెల్లవారేసరికి చాంగీ విమానాశ్రయంలో దిగడం, అది మధ్యాహ్నం రెండు గంటలకు రావడం, ఆ రాత్రి ఊళ్ళో ఉండి ఆదివారం మధ్యాహ్నం బోరోబుదూరుకు దగ్గరి నగరమైన యోగ్యకర్త విమానం ఎక్కడం మేము వేసుకున్న ఏర్పాటు.

విశాఖ నుంచి సింగపూరుకు నేరుగా విమానం ఉండడం ఉత్తరాంధ్ర వారికి పెద్ద వెసులుబాటు. హైదరాబాదుకో చెన్నైకో పోయి అక్కడ మరో విమానం కోసం పడిగాపులు పడనక్కరలేదు. మా విమానాశ్రయం రన్‌వే నౌకాదళానిది, టెర్మినల్ మాత్రమే పౌరులది. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయం కడుతున్నారు కనుక ఈ టెర్మినల్‌కు ఇక ఎన్నో రోజులు లేవని ఊళ్ళో అందరూ అనుకుంటున్న సమయమది. అన్నయ్య, వదిన నన్ను దింపడానికి వచ్చారు. మన దేశంలో టికెట్టు, గుర్తింపు కార్డు చూపించనిదే భద్రతా సిబ్బంది ఎవరినీ బయలుదేరే ద్వారం దాటనివ్వరు కనుక, పెట్టె మోసుకొచ్చిన అన్నయ్య ద్వారం దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. నేను లోపల చెక్-ఇన్ వరుసలో నిలబడి ఎప్పుడు వెనక్కి తిరిగి చూసినా, అద్దం అవతల ఉక్కపోతలో చేతిరుమాలుతో విసురుకుంటూ వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. కూతురికిమ్మని వదిన పంపిన మాడుగుల హల్వా డబ్బా నా చేతి సంచిలో అన్నిటికన్నా పైన ఉంది.

శనివారం, చాంగీ

సింగపూరు గడియారం మన కన్నా రెండున్నర గంటలు ముందు కనుక, నాలుగు గంటల ప్రయాణానికి కన్ను మూతపడేలోపే తెల్లవారింది. మేము దిగినది ఒకటవ టెర్మినల్. ఆగమన పత్రాన్ని ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోగా ఆన్‌లైన్‌లో నింపాలి. ఆ పని అమ్మాయి మెల్‌బోర్న్ నుంచే చేసిపెట్టింది. యంత్రం పాస్‌పోర్టునూ ముఖాన్నీ చూసి గేటు తెరిచింది. పాస్‌పోర్టులో ముద్ర పడలేదు, దానికి బదులు ఈ-మెయిలు వచ్చింది. ముద్రలు కూడబెట్టుకునే నాలాంటి వారికి అది కొంచెం నిరాశే.

మధ్యాహ్నం దాకా నాకున్న పని ఒక్కటే, ఎదురుచూడడం. వీసా లేకుండా విమానం మారేవారికి లోపలి వైపున తోటలూ, సీతాకోకచిలుకల వనమూ, ఉచిత సినిమా హాలూ ఉన్నాయి కానీ, ఇమిగ్రేషన్ దాటి బయటికి వచ్చినవారు తిరిగి అటు పోలేరు. మా టికెట్లు వేరువేరుగా కొన్నవి. అమ్మాయి కూడా సామాను తీసుకుని బయటికే రావాలి. కనుక నేను ఉండవలసింది బయటి భాగంలోనే. పెట్టెను సామాన్లు దాచే చోట అప్పగించి, హల్వా సంచి మాత్రం భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను.

ఒకటవ టెర్మినల్ 1981లో మొదలైంది. అంతకు ముందు ఈ నగరానికి 1937లో కల్లాంగ్, 1955లో పాయా లేబర్ విమానాశ్రయాలు వచ్చాయి. ఊరు పెరిగేకొద్దీ అవి ఇళ్ళ నడుమ ఇరుక్కుపోగా, తూర్పు కొసన సముద్రాన్ని పూడ్చి చాంగీని కట్టారు. అయితే ఇక్కడ విమానాలు దిగడం 1981తో మొదలు కాలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో సింగపూరును ఆక్రమించుకున్న జపాను సైన్యం, 1943, 1944 సంవత్సరాల్లో మిత్రరాజ్యాల యుద్ధఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించి ఈ ప్రాంతంలో మొదటి రన్‌వే వేయించింది. నేను నడిచిన మేరలో ఆ సంగతి తెలిపే ఫలకం ఏదీ కనిపించలేదు. చరిత్ర చెప్పినవాళ్ళ కళ్ళు ఎక్కడికి పోయినా ఇలాంటి వాటినే వెతుకుతాయి.

బయలుదేరే హాలులో పైకప్పు నుంచి రాగిరంగు బిందువులు వందల కొద్దీ సన్నని తీగలకు వేలాడుతున్నాయి. 2012లో అమర్చిన ఈ కదిలే శిల్పంలో మొత్తం 1,216 బిందువులున్నాయి. ఒక్కొక్కటీ తన మోటారుతో పైకీ కిందికీ జరుగుతూ, అన్నీ కలిసి కాసేపు విమానంగా, కాసేపు గాలిపటంగా రూపు కడతాయి. చెక్-ఇన్ హడావుడిలో ఉన్నవారు దాని కింద నుంచే తలెత్తకుండా పోతున్నారు. తీరిక ఉన్నది నాకూ, తల్లి కొంగు వదలని ఒక గుజరాతీ పిల్లవాడికీ మాత్రమే. మేమిద్దరం చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డాము.

ఒకటవ టెర్మినల్‌ను ఆనుకునే జ్యువెల్ ఉంది. పాత కార్ల పార్కింగు స్థలంలో 2019లో తెరిచిన ఈ గాజు గోపురానికి రూపశిల్పి మోషే సాఫ్డీ. నడుమ అడవి, అడవి నడుమ పైకప్పు రంధ్రం నుంచి 40 మీటర్లు కిందికి దూకే జలపాతం. ఒక కట్టడం లోపల ఇంత ఎత్తు నుంచి నీరు పడేది ప్రపంచంలో మరెక్కడా లేదు. నేను వెళ్ళిన వేళకు మాత్రం నీరు లేదు. ఉదయం పది దాటితే గాని దాన్ని వదలరట. అయినా నాకు ఆ ఖాళీ వేళే నచ్చింది. తోటమాలులు మెట్ల పక్క ఆకులు ఏరుతున్నారు, పనివాళ్ళు గచ్చు తుడుస్తున్నారు, రెండు, మూడు టెర్మినళ్ళ మధ్య తిరిగే చిన్న రైలు చెట్ల పైనుంచి చప్పుడు లేకుండా పోతున్నది. వీసా లేనివారు కూడా ఆ రైలు కిటికీలోంచి ఈ అడవిని చూడవచ్చు.

పదిన్నర ప్రాంతంలో నీళ్ళు పడడం మొదలయ్యాక జనం చేరారు. కింది అంతస్తులకు దిగితే అదే నీరు పెద్ద పారదర్శక గొట్టం లోపల గోడల వెంట జారిపోవడం కనిపిస్తుంది. పైన హోరు, కింద నిశ్శబ్దం. ఇంత అందాన్నీ ఊరికే పెట్టలేదని గ్రహించడానికి మాత్రం ఎంతోసేపు పట్టలేదు. అడవిలోంచి ఏ బాటన బయటికి నడిచినా దుకాణం గుమ్మమే వస్తుంది. చూడడానికి రుసుము లేదు కానీ చూసి వెళ్ళే దారి అంతా అంగడే. ఇందులో తప్పేమీ లేదు. మన తిరునాళ్ళలోనూ గుడికీ బజారుకీ మధ్య గోడ ఉండదు కదా.

పన్నెండు గంటలప్పుడు అమ్మాయి నుంచి సందేశం వచ్చింది. “అత్తా, ఎక్కించి మళ్ళీ దింపేశారు. ఏదో సాంకేతిక సమస్య అంటున్నారు. అక్కడికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుందట.” విమానం అప్పటికి దారిలో ఉండాలి, అది ఇంకా మెల్‌బోర్న్ విమానాశ్రయం టల్లమరీన్‌లోనే ఉంది. నేను ఫోను చేశాను. మెల్‌బోర్న్‌లో అప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు, బయట చలికాలపు వాన. “నువ్వు హోటలుకి వెళ్ళిపో, నేను వచ్చేస్తాను” అన్నది. “తొమ్మిదింటికే కదా, ఉంటానులే తల్లీ” అన్నాను. తొమ్మిది గంటలంటే తొమ్మిది గంటలకే వస్తుందని నమ్మే వయసు కాదు నాది. అయినా ఊళ్ళోకి పోయి తలుపు వేసుకుని గదిలో కూర్చోవడం కన్నా, ఆ పిల్ల దిగే చోటే ఉండడం నాకు సులువుగా తోచింది.

మూడవ టెర్మినల్ కింది అంతస్తులో కోపిటియం అనే భోజనశాల ఉంది. ఇక్కడి కాఫీ అడగడంలో ఒక పద్ధతి ఉంది: ఊరికే కోపి అంటే గట్టిపాలు కలిపి తియ్యగా ఇస్తారు, కోపి-ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో, కోసాంగ్ అని చేర్చితే చక్కెర కూడా లేకుండా. నేను కోపి-ఓ కోసాంగ్, కాల్చిన రొట్టె మీద కొబ్బరిపాలు, గుడ్లు కలిపి వండిన కాయా పూసినదీ తీసుకున్నాను. సింగపూరు డాలరు 65 రూపాయలు దాటిన రోజుల్లో, విమానాశ్రయంలో రెండు మూడు డాలర్లకు కాఫీ దొరకడం నన్ను ఆశ్చర్యపరిచింది. మన విమానాశ్రయాల్లో టీ ధర చూసి నీళ్ళసీసాతో సరిపెట్టుకునే వాళ్ళం మనం.

అక్కడే ఇంకొక సంగతి గమనించాను. చుట్టూ కూర్చున్నవారిలో సగం మంది దగ్గర పెట్టెలు లేవు. కళాశాల వయసు పిల్లలు లాప్‌టాప్‌లు తెరిచి, నోట్సు పరిచి, చెవుల్లో తీగలు పెట్టుకుని చదువుకుంటున్నారు. చల్లని గాలి, ఉచిత వైఫై, కరెంటు ప్లగ్గు, రాత్రంతా తెరిచి ఉండే భోజనశాల దొరికే చోటు కనుక పరీక్షల రోజుల్లో పిల్లలు ఇక్కడికి చేరడం ఈ ఊరి అలవాటట. వారికోసం విమానాశ్రయం వారు ప్రత్యేకంగా చదువుకునే చోట్లు కేటాయించడమూ కద్దు. ఇంకో బల్ల దగ్గర ఒక కుటుంబం పుట్టినరోజు కేకు కోస్తున్నది. మూడవ టెర్మినల్‌లో నాలుగంతస్తుల ఎత్తు నుంచి జారుడుబల్ల ఉంది, దాని దగ్గర పిల్లల వరుస. వీరెవ్వరూ విమానం ఎక్కరు.

నా పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన నా చీర చూసి తమిళంలో పలకరించాడు. నాకు వచ్చిన నాలుగు తమిళ ముక్కలు, ఆయన ఇంగ్లీషు కలిపి మాటలు సాగాయి. ఎవరి కోసమమ్మా అన్నాడు. చెప్పాను. తాను మాత్రం ఎవరి కోసమూ రాలేదట, వారానికొకసారి ఎండ తగలకుండా నడవడానికి వస్తాడట. చిన్నప్పుడు పాయా లేబర్‌లో మేడ మీద నిలబడి విమానం ఎక్కేవారికి చేతులు ఊపేవారమని, చాంగీ తెరిచిన కొత్తలో కుటుంబమంతా భోజనం కట్టుకుని చూడడానికి వచ్చామని చెప్పాడు. “ఇప్పుడు విమానమే కనపడదు, నీళ్ళు కనపడతాయి” అని నవ్వాడు. ఆయన మాటలో కొంత నిజముంది. విమానాలు చూసే గ్యాలరీలు ఇంకా ఉన్నాయి, నేను వెతుక్కుని పోయి చూశాను కూడా. ఆ వేళ అక్కడ ఇద్దరే ఉన్నారు.

ఆయన వెళ్ళాక శంషాబాదు గుర్తుకు వచ్చింది. 2008లో బేగంపేట నుంచి విమానాశ్రయం అక్కడికి మారినప్పటి నుంచి, అమెరికా వెళ్ళే పిల్లలను దింపడానికి ఎన్ని కుటుంబాలు అక్కడి ర్యాంపు మీద నిలబడి ఉంటాయో లెక్క లేదు. ఒక్క పిల్లవాడు ప్రయాణమైతే తాతయ్య, అమ్మమ్మ, మేనమామ, పక్కింటివారు కలిపి రెండు కార్ల జనం వస్తారు. వాళ్ళ సాగనంపులన్నీ తలుపు బయటే. లోపల చల్లని హాలు, మెత్తని కుర్చీలు టికెట్టు ఉన్నవారివి. ఆరు నెలల దాకా పిల్లను మళ్ళీ చూడని తల్లి ఇనుప కటకటాలకు ఆనుకుని నిలబడుతుంది. భద్రత కోసమే ఈ నియమం పెట్టారని తెలుసు, ఆ భయానికి కారణాలు మన దేశానికి ఉన్నాయనీ తెలుసు. అయినా ఇక్కడ, ఎవరి కోసమూ రాని ముసలాయనకు కూడా కూర్చోవడానికి కుర్చీ దొరకడం చూశాక, మన ఏర్పాటులో ఎదురుచూసేవారి గురించి ఎవరైనా ఒక్క రోజైనా ఆలోచించారా అనిపించింది.

తొమ్మిది కాస్తా పదకొండు దాటింది. బోర్డు మీద మెల్‌బోర్న్ పేరు ఎదుట రీ-టైమ్డ్ అన్న మాట అంటుకుపోయింది. రెండవ టెర్మినల్‌లో ఒకప్పుడు అక్షరాల పలకలు టపటప తిరిగే పాత బోర్డు ఉండేది, 2020లో దాన్ని తీసేశారు. దాని చప్పుడు ఎదురుచూసేవారికి చాలా ఉపయోగపడి ఉంటుంది. ఈ తెరలు నిశ్శబ్దంగా మారిపోతాయి కనుక మాటిమాటికీ తలెత్తక తప్పదు. అక్కడ అమ్మాయి భోజనం కూపన్ పట్టుకుని ఒక కుర్చీలో, ఇక్కడ నేను ఇంకో కుర్చీలో, గంటకొకసారి ఫోను. “అక్కడ ఏముంది అత్తా?” అంటే జలపాతం గురించి చెప్పాను. “ఇక్కడ మూసేసిన దుకాణాలు, ఏడుస్తున్న ఒక పసిపిల్ల” అన్నది. చివరికి మెల్‌బోర్న్‌లో ఆరవుతుండగా విమానం లేచిందన్న కబురు వచ్చింది. హోటలుకు ఫోను చేసి ఆలస్యంగా వస్తామని చెప్పాను.

రాత్రి ఎనిమిది గంటలకు జ్యువెల్‌లో జలపాతం మీద వెలుగుల ప్రదర్శన వేశారు. సంగీతం, రంగులు, వందల ఫోన్లు. ఒకసారి చూడదగినదే కానీ, నీళ్ళను నీళ్ళుగా ఉండనివ్వని వినోదం నాకు అంతగా పట్టదు. అది ముగిశాక రెండవ టెర్మినల్‌కు నడిచి వెళ్ళాను. అక్కడ గోడంత తెర మీద మరో జలపాతం, ఇది పూర్తిగా బొమ్మే. పొగమంచుతో సహా తెర మీదనే. కొద్ది నడక దూరంలో అసలు నీరు దూకుతుండగా ఈ నకలు ఎందుకో నాకు బోధపడలేదు. గంటల లెక్కన గదులిచ్చే హోటలు జ్యువెల్‌లోనే ఉంది, కాళ్ళు చాపుకుందామా అని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ అప్పటికే ఒకటవ టెర్మినల్ ఆగమన హాలులో నాకొక కుర్చీ అలవాటైపోయింది.

ఆ కుర్చీ దగ్గర నుంచి చూస్తే సామాన్ల బెల్టులకూ మనకూ మధ్య అద్దమే అడ్డం. ఎవరి మనిషి వచ్చినా ముందు అద్దంలోంచి కనిపిస్తారు. బయటివారు ఇటు నుంచి చేతులు ఊపుతారు, లోపలివారు పెట్టె కోసం చూస్తూ అటు నుంచి ఊపుతారు, ఆపైన ఇద్దరికీ ఏం చేయాలో తోచక ఫోను తీస్తారు. గాజుకు చెంప ఆనించి తాతను చూసిన ఒక చీనా పాప, పూలగుత్తి పట్టుకుని అటూ ఇటూ తిరిగిన ఒక కుర్రవాడు, పేర్ల పలకలతో నిలబడ్డ డ్రైవర్లు నా సాయంత్రం సగాన్ని తీసుకున్నారు. 2019లో ఈ విమానాశ్రయం మీదుగా ప్రయాణించినవారు 6 కోట్ల 83 లక్షల మంది. కొసన అయిదవ టెర్మినల్ నిర్మాణం మొదలైంది, ఏటా మరో 5 కోట్ల మంది కోసం. ఆ లెక్కల్లో అద్దానికి ఇటువైపు నిలబడ్డవారు ఉండరు.

అర్ధరాత్రి కావస్తుండగా బోర్డు మీద విమానం దిగిందని వచ్చింది. అరగంట తరువాత నీలం చలికోటు చేతి మీద వేసుకుని, జుట్టు రేగిపోయి, అమ్మాయి బెల్టు దగ్గర కనిపించింది. ఇటు తిరిగి నన్ను చూసి ఫోను చెవికి పెట్టుకుంది. “అత్తా, నువ్వు పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నావా?” “ఎక్కడికి పోతానే, నీ పెట్టె వచ్చింది చూడు, ఎర్రది, పోతోంది” అన్నాను. బయటికి వచ్చీ రాగానే హల్వా డబ్బా తెరిచి, నిలబడే రెండు ముక్కలు తిన్నది. మెట్రో రైళ్ళు అప్పటికే ఆగిపోయాయి. అర్ధరాత్రి దాటితే టాక్సీకి మామూలు కన్నా సగం ఎక్కువ తీసుకుంటారు. బేరం లేదు, మీటరే.

ఆదివారం, చాంగీ నుంచి యోగ్యకర్తకు

మేము దిగినది సెరంగూన్ రోడ్డులో. పొద్దున్నే శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు వెళ్ళి, ఇడ్లీ తిని, మళ్ళీ చాంగీ చేరాము. అమ్మాయికి జలపాతం చూపించాలని గంటన్నర ముందే బయలుదేరాను. అది ఫొటోలు తీసుకుంటుంటే నేను దారులు చెప్పాను: ఏ మెట్లు దిగితే పారదర్శక గొట్టం కనిపిస్తుంది, ఏ మూలన కూర్చుంటే తుంపర పడదు, కాఫీ ఎక్కడ చవక. “నువ్విక్కడ ఉద్యోగానికి చేరిపోవచ్చు అత్తా” అన్నది.

యోగ్యకర్తకు రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడి గడియారం సింగపూరు కన్నా గంట వెనక. నగరానికి 40 కిలోమీటర్లకు పైగా దూరంలో, కులోన్ ప్రోగో తీరాన 2020లో పూర్తయిన కొత్త విమానాశ్రయమది. దిగాక తీసుకునే వీసాకు 5 లక్షల రూపియాలు కట్టాము. ఇండోనేషియా నాణెం రూపియా పేరు మన రూపాయిలాగే వినిపిస్తుంది కనుక ఆ అంకె విని అమ్మాయి ఉలిక్కిపడింది. వరుస సాగి బయటపడేసరికి చెప్పిన వేళకు గంటంబావు ఆలస్యమైంది. మా పేర్లు రాసిన అట్ట పట్టుకుని డ్రైవరు నవ్వుతూ ఎదురొచ్చాడు. ఇంతసేపూ ఎక్కడ కూర్చున్నావని ముందు నేను అడిగాను. లోపల కాఫీ ధర ఎక్కువని, పార్కింగులో బండి సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నానని, అమ్మాయి ఇంగ్లీషుకు తన ఇంగ్లీషుతో జవాబు చెప్పి, పెట్టెలు అందుకుని ముందు నడిచాడు. హల్వా డబ్బాలో మిగిలిన ముక్కల్లో సగం అతనికి ఇచ్చాము. దారిలో వరిచేల పక్కన బండి ఆపి టీ తాగించి, బోరోబుదూరుకు మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి సిద్ధంగా ఉండమన్నాడు.